నాగార్జునకొండ ఒక్కరోజులో చూడొచ్చా? అక్కడ పాత రాజధాని ఏమన్నా మిగిలుందా అసలు?

వీకెండ్ విహారి:
అందరికీ నమస్తే అండీ. డిసెంబర్ లో అమ్మా నాన్నని, మా పాపని (తొమ్మిదేళ్ళు) తీసుకుని హైదరాబాద్ నుంచి కార్లో సాగర్ వెళ్దామని ప్లాన్. డ్యామ్ అయితే స్కూల్ టూర్ లోనే చూసేశాం, ఈసారి మెయిన్ గా నాగార్జునకొండ కోసమే. నాకు తెలిసింది ఏంటంటే అది విజయపురి అని ఇక్ష్వాకుల రాజధాని, మన తెలుగు నేల మీద బౌద్ధానికి పెద్ద సెంటర్, డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయింది అని. ఇక్కడే కన్ఫ్యూజన్, మునిగిపోయిందంటే మరి లాంచీ ఎక్కి వెళ్ళి చూసేది ఏంటి? ఒక వీడియోలో ఏమో "రెండు వేల ఏళ్ళ నాటి నగరం" అని డ్రోన్ షాట్లు వేసి ఊదరగొట్టారు, మా ఆఫీసులో ఒకాయనేమో నాలుగు రాళ్ళు ఒక మ్యూజియం తప్ప ఏం లేదు, దానికి గంట లాంచీ ప్రయాణం దండగ అన్నాడు. ఎవరిది నిజం? ఇంకోటి, అనుపు అని ఒక ప్లేస్ చెప్తున్నారు, అది ద్వీపం మీదే ఉందా బయటా? నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. ఒక్కరోజులో అయ్యే పనేనా లేక నైట్ స్టే చెయ్యాలా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పల్నాటి పిల్లోడు:
మాది మాచర్ల దగ్గరే కాబట్టి చెప్తున్నా. ముందు ఒక్క విషయం క్లియర్ చేసుకోండి, మీరు లాంచీలో పోయి దిగేది పాత ఊళ్ళో కాదు, పాత ఊరి పక్కనున్న కొండ నెత్తి మీద. ఒకప్పుడు అక్కడంతా లోయ, మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలోనే కోట, విహారాలు (అంటే బౌద్ధ భిక్షువులు ఉండే మఠాలు), స్తూపాలు, గుళ్ళు, బజార్లు అన్నీ. ఆ లోయ మధ్యలో ఉన్న కొండే నాగార్జునకొండ. 1955 డిసెంబర్ లో నెహ్రూ గారు డ్యామ్ కి శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు, ఆ లెక్కన లోయంతా నీళ్ళ కిందకి పోయింది, కొండ నెత్తి మాత్రం బయట మిగిలి ద్వీపం అయింది. అంటే లాంచీలో పోతున్నంతసేపూ మీ కాళ్ళ కిందే ఉంటది విజయపురి, ఇది తెలిసి పోతే ఆ ప్రయాణం దండగ అనిపించదు.

మరి పైన ఉన్నవేంటి అంటే, నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు, తవ్వినవాటిలో ముఖ్యమైన కొన్నింటిని ఊడదీసి పైకి మోసుకొచ్చి మళ్ళీ కట్టారు, కొన్నింటికి నమూనాలు చేసి పెట్టారు. కాబట్టి అవి ఉన్న చోటు అసలుది కాదు, కానీ కట్టడాలు ఊరికే సెట్టింగులూ కాదు. ఈ రెండు ముక్కల మధ్యలోనే మీ ఆఫీసాయనా ఆ వీడియో వాళ్ళూ ఇద్దరూ బోల్తా పడ్డారు.

అనుపు ద్వీపం మీద కాదండీ, గట్టు మీదే. విజయపురి సౌత్ నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఉంటది, కార్లో నేరుగా పోవచ్చు, లాంచీ గీంచీ అక్కర్లేదు. అక్కడ స్టేడియం అంటారే, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే గ్యాలరీ, మధ్యలో దీర్ఘచతురస్రంగా గుంట, అదీ, ఇంకా పెద్ద విహారం ఒకటీ తిరిగి కట్టిపెట్టారు. నన్నడిగితే ద్వీపం మిస్ అయినా పర్లేదు గానీ అనుపు మిస్ కావద్దంటా, కానీ టూరిస్టుల్లో చాలామంది చేసేది ఉల్టా.

మీ నాన్నగారి సంగతి. లాంచీ దిగాక కొంచెం ఎక్కుడు ఉంటది, తర్వాత మ్యూజియం దాకా చదునైన దారే, చెట్లు బాగుంటాయి, నీడ ఉంటది, మధ్యమధ్యలో కూర్చుంటూ పోవచ్చు. అనుపులో మాత్రం నీడ లేదు, డిసెంబరైనా మిట్టమధ్యాహ్నం పోవద్దు. మీరు హైదరాబాద్ నుంచి ఐదింటికల్లా బయల్దేరి హిల్ కాలనీ మీదుగా వచ్చి డ్యామ్ దిగువన బ్రిడ్జి దాటితే కుడిగట్టు, అదే విజయపురి సౌత్, లాంచీ స్టేషన్ అక్కడే. పొద్దుటి లాంచీ పట్టుకోండి. జనం సరిపడా లేకపోయినా, గాలి ఎక్కువున్నా లాంచీ తియ్యరు, అది మనసులో పెట్టుకోండి. ముఖ్యమైంది, శుక్రవారం మ్యూజియం సెలవు. శుక్రవారం మాత్రం రావద్దు.

నల్లగొండ బిడ్డ:
అన్నా నేను సూటిగ చెప్తున్న, పురావస్తు పిచ్చి లేనోళ్ళకి ఆడ ఏం లేదు. మేం ఫ్రెండ్స్ అందరం పోయినం, లాంచీ మాత్రం మస్తుంటది, నీళ్ళు, కొండలు, గాలి. దిగినంక మ్యూజియంల అరగంట తిరిగినం, అన్నీ విరిగిపోయిన బొమ్మలే, బయట ఇటుక గుండ్రాలు రెండు మూడు, అయిపాయె. మళ్ళ లాంచీ కోసం చెట్టు కింద కూసున్నం. పాపను తీసుకపోతున్నరంటున్నరు కదా, బుద్ధవనం పోండ్రి, మన దిక్కే హిల్ కాలనీల, 2022ల ఓపెన్ చేసిండ్రు, 274 ఎకరాలు, అమరావతి స్తూపం లెక్క పెద్ద డోమ్ కట్టిండ్రు, లోపల బుద్ధుడు, బయట జాతక కథల బొమ్మలు, అంత నీట్ గ ఉంటది. పిల్లలకి అదే ఎక్కుతది. రాళ్ళు సూసి ఏం జేస్తరు.

శాసనాల పిచ్చి:
బుద్ధవనం బాగుంటుంది, కాదనను, కానీ అది ఈ కాలంలో కట్టింది. అడిగినాయన రాజధాని ఏమన్నా మిగిలిందా అని అడుగుతున్నారు కదా. నల్లగొండ బిడ్డ గారు "విరిగిపోయిన బొమ్మలు" అన్నారే, నేను చెప్పేది ఆ బొమ్మల గురించే, ఎందుకంటే నాగార్జునకొండలో ఊరు పోయింది గానీ ఊళ్ళో మనుషులు మిగిలారు, ఎక్కడంటే రాళ్ళ మీద రాతల్లో. అది పట్టుకుని చూస్తే అరగంట కాదు కదా పూట చాలదు.

మ్యూజియంలోకి వెళ్ళగానే అందరూ ఆ పెద్ద నిలువెత్తు బుద్ధుడి దగ్గర ఫోటోలకి ఎగబడతారు. మీరు అలా చెయ్యకుండా ముందు లోయ నమూనా పెట్టి ఉంటుంది, మునిగిపోకముందు ఎలా ఉండేదో చూపించే మోడల్, దాని దగ్గరికి వెళ్ళండి. పాపకి అక్కడ చూపించండి, ఇదిగో ఈ కొండ మీదే మనం ఇప్పుడు నిలబడ్డాం, ఇదిగో కోట, ఇదిగో నది, ఇదిగో మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద స్తూపం అని. ఆ పది నిమిషాలు పెట్టకపోతే మిగతాదంతా నిజంగానే విడివిడి రాళ్ళలాగే కనపడుతుంది.

ఇక ఆ మనుషులు. శాతవాహనుల తర్వాత, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడి నుంచి ఏలారు, ఓ వందేళ్ళ పాటు. మొదటి రాజు శాంతమూలుడు బౌద్ధుడు కాదు, పక్కా వైదికుడు, అశ్వమేధం, వాజపేయం అన్నీ చేశాడు, కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళ భూమి దానం చేశాడని శాసనాలు పొగుడుతాయి. మరి బౌద్ధ రాజధాని ఎలా అయిందయ్యా అంటే ఆయన ఇంటి ఆడవాళ్ళ వల్ల. మహాచైత్యాన్ని నిలబెట్టింది ఆయన చెల్లెలు శాంతిశ్రీ. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి ఆరో ఏట ఆ పని పూర్తయిందని స్తంభాల మీదే చెక్కి ఉంది. ఆ వీరపురుషదత్తుడు పెళ్ళి చేసుకున్నది ఎవర్ననుకున్నారు, మేనత్త కూతుళ్ళని! ఇంకో మేనత్త హమ్మశ్రీ కూతురు బాపిశ్రీ కూడా ఆయన రాణుల్లో ఉంది, ఆవిడా ఆయక స్తంభం నిలబెట్టింది. పదిహేడు వందల ఏళ్ళ కిందట మేనరికం రాతిమీద రికార్డ్ అయి ఉంది. మీ అమ్మగారికి ఇది చెప్పండి, ఆ స్తంభాల దగ్గర నుంచి కదలరు. రాజులేమో యజ్ఞాలు, ఆడవాళ్ళేమో స్తూపాలు, ఒకే ఇంట్లో. గొడవలేం జరిగినట్టు ఆ శాసనాల్లో కనపడదు.

ఆయక స్తంభాలు అంటే ఏంటో కూడా తెలుసుకుని వెళ్ళండి. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకి పొడుచుకొచ్చిన అరుగుల్లాంటివి ఉంటాయి, ఒక్కో అరుగు మీద ఐదేసి రాతి స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం, ఈ ఐదింటికి గుర్తు అంటారు. ఇది మన కృష్ణా లోయ స్తూపాల ప్రత్యేకత, సాంచీలో ఇవి లేవు. శాసనాలు ఎక్కువగా ఉన్నది కూడా వీటి మీదే.

ఛాయాస్తంభాలు వెతకండి. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలబెట్టిన రాళ్ళు అవి. శాంతమూలుడు పోయాక ఆయన కుటుంబంలో ఆడవాళ్ళంతా కలిసి పెట్టించినది ఒకటుంది, ఆయన బతికున్నప్పటి దృశ్యాలు అంతస్తులుగా చెక్కారు. రాజుకే కాదు, సైనికులకీ పెట్టారు. మన ఊళ్ళలో వీరగల్లులు చూసుంటారుగా, ఆ వరసే.

ఇంకోటి, రాజభవనం ఉన్న చోట దొరికిన స్తంభం మీద ఒక మనిషి ఉంటాడు, చేతిలో కొమ్ము గ్లాసు, ఒంటి మీద సగం బట్ట, గ్రీకుల ద్రాక్షసారాయి దేవుడు డయోనైసస్ లాగా. ఇంకొక దాని మీద చలిదేశపు సైనికుడి డ్రెస్ వేసుకున్నవాడు, టోపీ, పొడుగు కోటు, పల్నాడు ఎండలో! పల్నాటి సున్నపురాయి మీద పరదేశీయులు. రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి ఇక్కడ. అంటే కృష్ణ మీదుగా సముద్రం దాకా వ్యాపారం నడిచింది అని పుస్తకాల్లో చదివితే ఒకటి, ఆ కొమ్ము గ్లాసు వాడిని చూస్తే ఇంకొకటి.

బయట ఉన్న "ఇటుక గుండ్రాల" సంగతి కూడా చెప్తా. మహాచైత్యం అడ్డంగా 106 అడుగులు. లోపల మొత్తం ఇటుకతో నింపకుండా బండి చక్రం ఆకుల్లాగా గోడలు కట్టి మధ్యలో మట్టి నింపారు, ఇటుక ఆదా, పైగా డోమ్ బరువుని ఆ గోడలు పట్టుకుంటాయి. ధాతువు, అంటే బుద్ధుడిదని పూజించే ఎముక ముక్క, ఉన్న చిన్న బంగారు భరిణె, దాని మీద వెండి భరిణె, ఇవి నడిమధ్యలో కాకుండా పక్కన ఒక గడిలో దొరికాయి. లాంగ్‌హర్స్ట్ అనే ఆయన 1927-31 మధ్య తవ్వినప్పుడు సంగతి ఇది. ఆ ధాతువుని తర్వాత సారనాథ్ లో మూలగంధకుటి విహారానికి ఇచ్చారు. కొన్ని చిన్న స్తూపాల మధ్యలో చక్రం బదులు స్వస్తిక్ ఆకారం ఉంటుంది, పాపని కనుక్కోమనండి, గేమ్ లా ఉంటుంది.

వీకెండ్ విహారి:
అబ్బ, ఇంత వస్తుందనుకోలేదు, చాలా థ్యాంక్స్ అండీ. పల్నాటి పిల్లోడు గారూ, శుక్రవారం సంగతి చెప్పి బతికించారు, మేం సరిగ్గా శుక్రవారమే బయల్దేరుదామనుకున్నాం. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడు, ఇక్కడే యూనివర్సిటీ నడిపాడు, రసవాదంతో బంగారం చేసేవాడు అని మా నాన్న చెప్తుంటారు, అది ఎంతవరకు కరెక్ట్? అనుపులో ఉన్నది ఆ యూనివర్సిటీయేనా? రెండు, ఇది మరీ సిల్లీ, నీళ్ళు తగ్గినప్పుడు ఏమన్నా పాత కట్టడాలు బయటపడతాయా, లాంచీలోంచి కనపడతాయా?

సాగర్ కుడికాలవ:
రెండోదానికి నేను చెప్తా. లాంచీలోంచి నీళ్ళు తప్ప ఏం కనపడవండీ. నిండినప్పుడు 590 అడుగుల లెవెల్ ఇక్కడ, పాతదంతా అట్టడుగున ఉంది, పైగా అరవై ఏళ్ళ ఒండ్రు. ఎవరన్నా "అదిగో గోపురం" అని చూపిస్తే నవ్వి ఊరుకోండి.

శాసనాల పిచ్చి:
నాగార్జునుడి ప్రశ్న మంచిది, ఎందుకంటే అక్కడి గైడ్లు అందరూ మొదట చెప్పేది అదే. కొండకి ఆయన పేరు ఉంది, ఆయన చివరి కాలం శ్రీపర్వతం మీద గడిపాడని టిబెట్ వాళ్ళ సంప్రదాయం చెప్తుంది, ఈ లోయ కొండల్ని ఇక్కడి శాసనాలు శ్రీపర్వతం అనే పిలిచాయి. ఇంతవరకు ఓకే. కానీ ఇక్ష్వాకుల శాసనాల్లో విహారాలు ఎవరు కట్టించారు, ఏ శాఖ భిక్షువుల కోసం కట్టించారు అని ఊరూ పేరుతో సహా రాసుకున్నారు, అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు ఇలా శాఖల పేర్లన్నీ వస్తాయి, ఆచార్య నాగార్జునుడు మాత్రం రాడు. ఆయన శాతవాహన రాజుకి మిత్రుడని చెప్పే కథలు ఎక్కువ, అంటే ఈ రాజధాని కంటే కొంచెం ముందు కాలం. కాబట్టి నాన్నగారితో వాదన పెట్టుకోకండి గానీ బోర్డు మీద రాసిందంతా శాసనం అనుకోకండి. బంగారం చేసే కథ సిద్ధ నాగార్జునుడిది, ఆయన వేరే కాలం మనిషి అని చాలామంది పండితుల మాట, పేరు ఒకటే కావడంతో కథలన్నీ కలిసిపోయాయి.

యూనివర్సిటీ అనేదానికి వస్తే, అనుపులో మీరు చూసేది విహారం. మధ్యలో మంటపం, చుట్టూ వరసగా భిక్షువుల గదులు. చదువు అక్కడ జరిగిందా అంటే కచ్చితంగా జరిగింది, దేశదేశాల వాళ్ళు వచ్చారు. కానీ ఇప్పటి యూనివర్సిటీని ఊహించుకుని క్లాస్‌రూములు వెతికితే దొరకవు. నాకు వాటికన్నా ఎక్కువ నచ్చేది బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం. ఆవిడ రాజకుటుంబం మనిషి కాదు, డబ్బున్న గృహస్థుల ఇంటి ఆడపడుచు. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది, ఆ భిక్షువులు ఎక్కడెక్కడ ధర్మం వ్యాపింపచేశారో లిస్టు రాయించింది, కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన దేశం, ద్రవిడ దేశం, తామ్రపర్ణి అంటే లంక, అలా సాగుతుంది. అదే శాసనంలో సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి కట్టించిన సంగతీ ఉంది. పల్నాడు లోయలో కూర్చున్న ఒక ఇల్లాలికి చైనా నుంచి లంక దాకా మ్యాప్ నోటి మీద ఉంది చూడండి.

ఇంకొకటి, "బౌద్ధ రాజధాని" అని మనం అనేస్తాం గానీ అదే ఊళ్ళో కార్తికేయుడి గుళ్ళున్నాయి, పుష్పభద్రస్వామి అని శివుడి గుడి ఉంది, ఎనిమిది చేతుల విష్ణువు అష్టభుజస్వామికీ గుడి ఉంది. అనుపు స్టేడియం అసలు చోట ఉన్నప్పుడు దాని పక్క గుట్ట మీద హారీతి గుడి ఉండేది, పిల్లల్ని కాపాడే తల్లి. స్టేడియంలో కూర్చున్నప్పుడు ఆ గుట్టని కూడా ఊహించుకోవాలి, ఇప్పుడు కట్టిన చోట అది ఫీల్ అవ్వడం కష్టం, నాకు ఆ పునర్నిర్మాణం మీద ఉన్న అసంతృప్తి అదొక్కటే. జ్వరం తగ్గించే గది అని రాసి ఉన్న శాసనం కూడా ఒక విహారం దగ్గర దొరికింది, విగతజ్వరాలయం అట, అంటే రోగులకి చోటు ఇచ్చేవాళ్ళన్నమాట.

నల్లగొండ బిడ్డ:
గిదంత ఆడ ఎవ్వలు చెప్పిండ్రన్నా మాకు. బొమ్మ కింద రెండు లైన్లు రాసి పెట్టిండ్రు, సున్నపురాయి, మూడో శతాబ్దం అని, ఖతం. కొమ్ము గ్లాసు పట్టుకున్నోడి ముందల నిలవడి నేను సెల్ఫీ గూడ దిగినట్టున్న, చెక్ చేస్కోవాలె.

ఒడ్డు మీద ఊరు:
ఈ థ్రెడ్ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. మా నాయనమ్మ వాళ్ళది ఆ లోయలోనే పుల్లారెడ్డిగూడెం. అందరూ ఇక్ష్వాకుల ఊరు మునిగింది అంటారు, నిజమే, కానీ 1950ల్లో ఆ లోయ ఖాళీ జాగా కాదండీ, ఊళ్ళు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, చెంచులు, లంబాడీలు ఉన్నారు. తవ్వకాల్లో తట్టలు మోసింది కూడా మావాళ్ళే. నాయనమ్మ చెప్పేది, పొద్దునంతా మట్టి ఎత్తి పోసేవాళ్ళం, దొరలు గీతలు గీసుకుంటూ బుర్రలు పట్టుకుని కూర్చునేవాళ్ళు, ఒక బొమ్మ ముఖం బయటపడితే అందరూ పని ఆపి చూసేవాళ్ళం, సాయంత్రం కూలి తీసుకుని ఇంటికి, అని. అప్పటికే తెలుసంట వాళ్ళకి, తవ్వడం అయిపోతే తమ ఇళ్ళు కూడా పోతాయని. రాళ్ళని కొండ మీదకి జాగ్రత్తగా ఎక్కించారు, మమ్మల్ని బండ్లెక్కించారు అనేది నవ్వుతూనే. మా ఊరి గుడి ముందు రాయి ఒకటి ఉండేదంట, అందరూ బట్టలుతికేవాళ్ళు దాని మీద, తీరా చూస్తే దాని వెనకవైపు రాతలున్నాయంట.

కాబట్టి పైన ఎవరో అన్నట్టు లాంచీలో పోతున్నప్పుడు కింద విజయపురి ఉంది అనుకోండి, దాని పైన ఇంకో పొర కూడా ఉంది అనుకోండి. దీని గురించి ఎక్కడా బోర్డు ఉండదు. 1926లో ఈ చోటు బయటి ప్రపంచానికి తెలిసిందని, రంగస్వామి సరస్వతి గారు కనిపెట్టారని పుస్తకాల్లో ఉంటుంది, ఆయనకి మొదట దారి చూపించింది ఎవరో ఊరివాళ్ళే అయ్యుంటారు కదా.

పల్నాటి పిల్లోడు:
నిజం అక్కా. మా వైపు పెద్దాళ్ళు ఇప్పటికీ కొండ అనరు, "పాత ఊరు" అనే అంటారు కొంతమంది.

విహారి గారూ, ప్లాన్ మళ్ళీ చెప్తా. ఒక్కరోజులో రెండూ అవుతాయి గానీ పెద్దాళ్ళతో ఉరుకులు పరుగులు అవుతది, రాత్రికి ఉండేటట్టైతే హాయిగా ఉంటది. పొద్దున లాంచీ, కొండ మీద మ్యూజియం, బయట మహాచైత్యం, స్నానఘట్టం, అశ్వమేధం చోటు అని చెప్పే కట్టడం, పెద్దరాళ్ళ సమాధి ఒకటి కూడా పెట్టారు, అది ఇక్ష్వాకుల కంటే బాగా పాతది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చుట్టూ కనపడే కోటగోడ మాత్రం బౌద్ధుల కాలానిది కాదు, తర్వాతి రాజులది, మధ్యయుగాలది, దాన్ని చూసి ఇక్ష్వాకుల కోట అని పాపకి చెప్పకండి. తినడానికి ఏమన్నా, మంచినీళ్ళు మీరే పట్టుకుపోండి. కోతులుంటాయి, సంచి ఒళ్ళో పెట్టుకోండి. సాయంత్రం నాలుగు దాటాక అనుపు. ఎండ వాలుతుంటే ఆ మెట్ల మీద నాన్నగారు కూర్చోవచ్చు, ఎక్కాల్సిన పని లేదు, పై గట్టు నుంచే మొత్తం కనపడతది. పాపని మధ్యలోకి దింపి చప్పట్లు కొట్టమనండి, శబ్దం బాగా తిరుగుతదని అందరూ కొట్టి చూస్తారు.

వీకెండ్ విహారి:
ఒడ్డు మీద ఊరు గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ వెంటనే "అయితే ఆ ఊరివాళ్ళంతా ఎక్కడికి పోయారు" అని అడిగింది. వీలైతే చెప్పండి. ఫైనల్ గా శనివారం పొద్దున వెళ్ళి రాత్రి అక్కడే ఉండి ఆదివారం తిరిగొస్తున్నాం. బుద్ధవనం ఆదివారం పొద్దున పెట్టుకున్నాం, వచ్చే దారే కదా, నల్లగొండ బిడ్డ గారి మాట కూడా పోకుండా. ఎత్తిపోతల కూడా కలపొచ్చా అందులో?

ఒడ్డు మీద ఊరు:
ఒక్క చోటికి కాదండీ, తలా ఒక దిక్కు. మావాళ్ళు కొందరు మాచర్ల చుట్టుపక్కల, కొందరు కుడికాలవ కింద భూములు ఇచ్చిన చోట. చుట్టాలు పెళ్ళిళ్ళకే కలుస్తారు ఇప్పుడు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

సాగర్ కుడికాలవ:
ఎత్తిపోతల మాచర్ల రోడ్డులో, విజయపురి సౌత్ నుంచి దగ్గరే, కలపొచ్చు. కాకపోతే అది చంద్రవంక వాగు మీద జలపాతం, డిసెంబర్ కి నీళ్ళు ఎలా ఉంటాయనేది ఆ ఏడు వానల్ని బట్టి. వ్యూ పాయింట్ నుంచి చూడటమే అయితే నాన్నగారికి ఇబ్బంది లేదు, కిందకి దిగాలంటే మెట్లు చాలా ఉన్నాయి, వద్దు. శనివారం అనుపు అయ్యాక చీకటి పడిపోద్ది కాబట్టి ఆదివారం పొద్దున్నే ఎత్తిపోతల చూసేసి, తర్వాత బ్రిడ్జి దాటి బుద్ధవనం, అక్కడి నుంచి అటే హైదరాబాద్.